కెప్టెన్ గారి ఇంటి అడ్రసు

ఆ రోజుల్లో ప్రేమించాలంటే కరెంటు కూడా ఉండాలి. మా ఛత్రినాకలో సాయంత్రం కరెంటు పోతే గల్లీ అంతా అరుగుల మీద కూర్చుని విసనకర్రలు ఊపుకునేది, నేనొక్కదాన్నే విరహంతో వేగిపోయేదాన్ని. కంచన్‌బాగ్‌లో ఒక చిన్న ఆఫీసులో టైపు చేసే ఉద్యోగం నాది. డ్యూటీ దిగగానే ఇంటర్నెట్ సెంటర్‌కు పరిగెత్తి, ప్లైవుడ్ చెక్కల మధ్య కూర్చుని, లండన్‌లో ఉండే ఒక ఓడ కెప్టెన్‌తో చాటింగ్ చేసేదాన్ని. (ఇంగ్లీషులోనే. నా గ్రామరు చూసి కూడా ప్రేమించాడంటే అప్పుడే అనుమానించాల్సింది.)

పరిచయమై వారం తిరక్కముందే నేను లేనిదే ఆయనకు బతుకు లేదని తేలిపోయింది. అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు లేరు, ఫోన్‌లో మాట్లాడదామంటే సముద్రంలో సిగ్నల్ లేదు, కెమెరా పెట్టమంటే అది చెడిపోయింది. ఉన్నదల్లా తెల్ల యూనిఫాంలో, టోపీతో ఒకే ఒక్క ఫొటో. మీరు నవ్వుతున్నారు గానీ, అప్పుడు నాకు ఆయన లోట్లన్నీ చూస్తే జాలే కలిగింది. పైగా రోజూ మొదటి మాట 'తిన్నావా డియర్?' అనే. ఇంట్లో నన్నలా అడిగినవాళ్లు లేరు. అది చదివి ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో సెంటర్ నడిపే భాయ్‌కి తెలుసు.

ఒకరోజు నాకోసం వాచీ, చాక్లెట్లు, ఉంగరం పెట్టి పార్శిల్ పంపానన్నాడు. అది కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆగిపోయిందట, విడిపించడానికి నేనే డబ్బు కట్టాలట, ఎవరికీ చెప్పకూడదట. నా జీతం నాన్న చేతికి పోయేది. నాకంటూ ఉన్నవి అమ్మ చేయించిన బంగారు కమ్మలే. అవి తీసి రుమాల్లో మూటగట్టి, సేటు దగ్గర కుదువ పెట్టడానికి బయల్దేరాను. గడప దాటుతుంటే మా ఇంట్లోనే ఉండే మేనత్త పట్టేసింది. ప్రేమ ఆమె కంట పడకపోవచ్చు గానీ, పెళ్లి కావలసిన పిల్ల బోసి చెవులు పడకుండా ఉంటాయా?

"ఏందే గా చెవులు? కమ్మలేవి?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. చెంప పగులుతుందనుకున్నాను. అత్త ముఖం వెలిగిపోయింది.

"అరె, సంబంధమా! ముందుగాల చెప్పొద్దా? ఎవరింటోళ్లు? ఇల్లు సొంతమా, కిరాయా?"

మా బస్తీలో సంబంధం అన్నాక ఆరా తీయాల్సిందే. పిల్లవాడి గల్లీకి పోయి, పాలాయన్నీ పక్కింటివాళ్లనీ అడిగి, చివరికి ఆ ఇంట్లో చాయ్ తాగి రావాలి. లండన్‌కైనా అత్త దగ్గర మినహాయింపు లేదు. మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటావిడను వెంటేసుకుని నాతో సెంటర్‌కు వచ్చింది. ఒకరు కూర్చునే చోట ముగ్గురం ఇరుక్కున్నాం. ఖాలా మోచేయి తగిలి కెప్టెన్‌కు వరసగా సున్నాలు వెళ్లాయి.

"మేనమామ ఎవరో అడుగు," అంది అత్త.

"లేడట అత్తా."

"మేనమామ గూడ లేకుంట ఎట్ల పెరిగిండే? పోనీ, పక్కింటోళ్ల పేరు చెప్పుమను."

కెప్టెన్‌కు విసుగొచ్చింది. ఈ ప్రశ్నలెందుకు, డబ్బు కట్టావా అని అడిగాడు. చదివి వినిపించాను.

"మనమెందుకు కట్టాలె? పిల్లకు పెట్టేది పిల్లగాని తరఫోళ్లు చేతులకు తెచ్చియ్యాలె. గంతే!"

"ఫికర్ నక్కో కరో," అని ధైర్యం చెప్పింది ఖాలా. "మా చెల్లె కొడుకు లండన్‌లనే ట్యాక్సీ నడిపిస్తడు. ఇంటి పతా చెప్పుమను బేటీ. జుమ్మా నమాజ్ అయినంక పోయి, ఒక చాయ్ తాగి, ఇల్లు చూసొస్తడు."

ఇంక నిశ్చితార్థమే అన్నంత సంబరంగా టైపు చేశాను. అవతల కెప్టెన్ ఏదో రాస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్లీ రాస్తున్నట్టు కనిపించింది. చివరికి 'ఓడ కదులుతోంది' అని వచ్చింది. ఆయన పేరు పక్కన దీపం ఆరిపోయింది, మళ్లీ ఎన్నడూ వెలగలేదు.

"మంచి సంబంధం పాయె," అని అత్త నిట్టూర్చింది. "చాయ్ అనంగనే గాయబ్ అయిండు. ఇంట్ల చక్కెర గిట్ల లేదేమో."

అప్పటిదాకా ఊరుకున్న భాయ్ ఇక ఆగలేకపోయాడు. "అమ్మా, గసుంటి పార్శిలే సంతోష్‌నగర్‌ల ఒక సార్‌కు గూడ వచ్చింది. ఆయనకు కెప్టెన్ కాదు, నర్సు. పైసల్ కట్టినంక నర్సు లేదు, పార్శిల్ లేదు."

అత్త నన్ను బయటికి లాక్కొచ్చింది. రుమాలు విప్పి, నడివీధిలోనే నన్ను నిలబెట్టి కమ్మలు పెట్టింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. చెవి నొప్పని చెప్పాను, నమ్మినట్టే ఊరుకుంది. ఇంటికెళ్లగానే తిన్నావా అని అడగకుండా కంచం పెట్టి, అన్నం మీద పచ్చిపులుసు పోసింది. ఆమె ఏ రోజూ అడగలేదు, పెట్టడమే.

ఇప్పుడు నా ఫోన్‌కు కెప్టెన్లతో పాటు డాక్టర్లు, సైనికాధికారులు కూడా వస్తున్నారు. అందరూ అనాథలే, పాపం. అడ్రసు పంపండి, మావాళ్లు చాయ్‌కి వస్తారు అని రాస్తాను. ఒక్కరూ పిలవరు. నవ్వుకుంటాను గానీ, అత్త పోయాక ఇంట్లో నాకు కంచం పెట్టేవాళ్లు లేరు. అందుకేనేమో, 'తిన్నావా?' అని కనబడగానే 'ఇంకా లేదు' అని రాయడానికి వేలు ముందుకు పోతుంది. అప్పుడు ఒకసారి కమ్మలు తడిమి చూసుకుని, ఫోన్ బోర్లించి, వంటింట్లోకి వెళ్లి నా కంచం నేనే పెట్టుకుంటాను.