వెనక్కి నడుస్తూ నీళ్ళు పోసిన మనిషి

ఆ రోజు ఉదయం మా వాకిట్లో ముందురోజు అడుగులు చెరగకుండా ఉన్నాయి. పాలాయన చెప్పుల గుర్తులు, పిచ్చుకల కాళ్ళ గుర్తులు, నా సైకిల్ చక్రం గీసిన గీత. నోట్లో బ్రష్ పెట్టుకుని గడప మీద నిలబడి, ఏదో తేడాగా ఉందే అనుకున్నాను. అంతలో వెనక గదిలోంచి నాయనమ్మ గట్టిగా పిలిచింది. చిన్నతాత నిద్రలోనే పోయాడు.

ప్రతి సాయంత్రం ఆ వాకిట్లో నీళ్ళు పోసేది ఆయనే. చల్లేవాడు కాదు, పోసేవాడు. బక్కెట అంచు నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని, సన్నని ధారగా ఒలికిస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. తడిసిన చోట మళ్ళీ అడుగు పెట్టేవాడు కాదు, ఎవరినీ పెట్టనిచ్చేవాడు కాదు. తెల్లారేసరికి మా ఎర్రమట్టి వాకిలి పలకలాగా నున్నగా ఉండేది. పోయేముందు సాయంత్రం మాత్రం, ఒళ్ళు బాగాలేదని తొందరగా పడుకున్నాడు.

ఎండాకాలంలో నాయనమ్మకూ ఆయనకూ దీని మీదే గొడవ.

"బోరు ఎండిపోతాంది, గీ మట్టికి గిన్ని నీళ్ళెందుకయ్యా?"

"రాత్రికి గడ్డకడతది వదినా. పొద్దుగాల నువ్వు నేను ఆడుదాం."

"నీ మొకం. గీ వయసుల కాళ్ళు ఇరగ్గొట్టుకునే సోకు నాకు లేదు."

చిన్నతాత మా తాతకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. నేను పుట్టకముందు నుంచే మా వెనక గదిలో ఉండేవాడు. మా బీదరు పక్కనే ఉన్న కొల్హార్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. బీదరులో ఆయన గురించి ఎవరికైనా తెలిసింది అంతే. కానీ దానికి ముందు ఆయన మంచు మీద హాకీ ఆడాడు. ఆటకే జీతం తీసుకున్నాడు.

ఇక్కడ నవ్వొస్తుందని నాకు తెలుసు. మా ఊళ్ళో అందరూ నవ్వారు.

మిషన్ స్కూలు మైదానంలో హాకీ నేర్చుకుని ఆయన ఫౌజులో చేరాడు. లడఖ్‌కు పంపారు. చలికాలం చెరువులు గడ్డకడితే సిపాయిలు వాటి మీద హాకీ ఆడేవారు. ఆ ఆట ఒకటి ఉందని అప్పటికి దేశంలో చాలామందికి తెలియదు. బూట్ల కింద ఇనుప పట్టీలు బిగించుకునేవారు. బంతికి బదులు పాత బూటు మడమ కోసి చేసిన రబ్బరు బిళ్ళ. షర్బత్ గ్లాసులో తప్ప మంచు చూడని మా చిన్నతాత మొదటి చలికాలమంతా పడుతూనే ఉన్నాడట. ఆటకు పనికిరాడని, ఆయనకు నీళ్ళు పోసే పని ఇచ్చారు.

ఆట అయ్యాక మంచు మీద గీతలు, గుంటలు పడతాయి. సాయంత్రం వాటి మీద పలచగా నీళ్ళు పోస్తే, తెల్లారేసరికి కొత్త మైదానం తయారవుతుంది. పోసిన చోట కాలు పడకూడదు కాబట్టి వెనక్కి నడవాలి. ఆయన ఆ ఇనుప పట్టీల బూట్లతోనే నడిచాడు. అలా నడిచి నడిచి, వెనక్కి జారడం ఆయనకు వచ్చేసింది. మిగతావాళ్ళంతా ముందుకు దూసుకుపోగలరు. ఎదురొచ్చేవాడి మొహంలోకి చూస్తూ వెనక్కి జారి అడ్డుకోగలిగింది మాత్రం ఈయనొక్కడే. తర్వాతి చలికాలం జట్టులోకి తీసుకున్నారు. ఆరు చలికాలాలు ఆయనకు వేరే డ్యూటీ లేదు. ఆటే డ్యూటీ. ఏడో చలికాలం మోకాలు విరిగింది.

"నేను ముందుకురికి గెలిచినోణ్ణి కాదు బిడ్డా," అనేవాడు. "ఎనక్కి పోతా ఆపినోణ్ణి."

చిన్నప్పుడు ఒకసారి నన్ను ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. నా అంత ఎత్తున్న మంచు దిమ్మలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, నన్నూ వినమన్నాడు. నాకు ఏమీ వినిపించలేదు. వినిపించిందని చెప్పాను. షిఫ్టు దిగి ఆటో ఎక్కుతున్న వాళ్ళలో ఒకాయన అరిచాడు.

"ఏం ఫౌజీ, ఇయ్యాల మ్యాచ్ లేదా?"

"టీమ్ రాలే. రేపు జూద్దాం."

ఆయనా నవ్వాడు. కానీ తన ఊరివాళ్ళలో ఒక్కరైనా నమ్మాలన్నది ఆయన కోరిక. ఆ ఒక్కరూ నేనే అనుకున్నాడు.

కాన్వెంటులో ఏడో తరగతిలో, నాకు తెలిసిన ఆటగాడి గురించి నిలబడి చెప్పమన్నారు. రెండు పేజీలు రాసుకున్నాను. "మంచు మీద" అనగానే క్లాసంతా నవ్వింది. నేను ఆ మాట కొట్టేసి, గడ్డి మీద అని చదివి కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడుస్తూ ఆయనకే చెప్పాను.

"ఏమైతది బిడ్డా? గడ్డి మీద ఆడినోణ్ణి గూడ నేనే గద," అని నా జడ సరిచేశాడు.

పోయిన జనవరిలో, హైదరాబాదులో ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో మంచు మైదానం ఉందని చదివాను. పోదామా తాతా అని నేనే అడిగాను. ఆయన రెండు రోజుల ముందే ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నాడు. బస్సు మన్నాఏఖేళ్ళి ఊరు దాటాక అడిగాడు, "నిజం బరఫేనా? ప్లాస్టిక్ గాదు గద?"

నిజం మంచే. కౌంటర్లో ఉన్నామె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అంకుల్, ఏజ్ ఎంత?"

"డెబ్బై నాలుగు."

"అరవై దాటితే పర్మిషన్ లేదండీ. సారీ."

ఆయన వాదించలేదు. నా వైపు తిరిగాడు. "అయితే నువ్వెక్కు బిడ్డా. నేను గీ అంచుకు నిలబడి చెప్త. ముందు పడుడు నేర్పిస్త, అటెంక నిలబడుడు."

"నేనా? వద్దు తాతా. అందరు చూస్తున్నరు."

"చూడనీ."

"వద్దు తాతా. పోదాం."

"సరే బిడ్డా."

వెంటనే కదల్లేదు. అడ్డంగా కట్టిన చెక్క గోడ మీదుగా వంగి, వేలితో మంచును రాసి చూశాడు. "మంచిగ పోసిండ్రు నీళ్ళు," అన్నాడు. తిరుగు ప్రయాణంలో నాకు మిర్చీలు కొనిపెట్టాడు. మరుసటి సాయంత్రం ఎప్పటిలాగే బక్కెట పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ ప్రయాణం ప్రస్తావన రాలేదు. మళ్ళీ వెళదామని అనాలని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, పుస్తకం కోసం వచ్చినట్టు తిరిగి వచ్చేదాన్ని.

సమాధుల తోటలో పాస్టరుగారు ఆయన మంచి సిపాయి అని, మంచి పనివాడు అని చెప్పారు. ఇంకెవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని అడిగారు. నాయనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను లేవలేదు. నిలబడి చెప్పలేనిది కూర్చుని రాయగలనేమో అని ఇది రాస్తున్నాను. మా చిన్నతాత మంచు మీద ఆడాడు. ఆరు చలికాలాలు ఆడాడు. నేను నమ్ముతాను.

నిన్న సాయంత్రం బక్కెట నింపుకుని వాకిట్లోకి వెళ్ళాను. వెనక్కి నడవబోయి రెండుసార్లు తూలాను. నీళ్ళు ఒకచోట మడుగు కట్టాయి, ఒకచోట అసలు పడలేదు. గడప మీద కూర్చున్న నాయనమ్మ కాసేపు చూసింది.

"గట్ల గాదే. బక్కెట ఇంకింత కిందికి వంచు. మునివేళ్ళు ముందు ఆనియ్యి. ఎనకకు సూడకు, పోసిన దిక్కే సూడు. మీ తాత గట్లనే పోస్తుండె."

ఇన్నేళ్ళూ తిడుతూనే ఆమె అంతా చూసింది. గేటు దాకా పోసి, అక్కడే నిలబడిపోయాను. తడిసిన మట్టికి అవతల ఇల్లు, వెనక గది, మూసిన తలుపు. ఆరేదాకా లోపలికి వెళ్ళే దారి లేదు.

హైదరాబాదు వెళ్ళిన రోజు ఆయన చేతిలో ఒక గుడ్డ సంచి ఉండింది. అందులో రెండు జతల ఊలు మేజోళ్ళు ఉన్నాయి. ఒకటి పాతది, పెద్దది. ఒకటి కొత్తది, నా కాలి కొలతది. పోయేటప్పుడు బస్సులోనే చూశాను.