అరచేతిలో ఆగిన మాత్రలు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను స్టాఫ్ నర్సుని. ఛాతీ నొప్పి అంటూ ఎవరొచ్చినా మా పద్ధతి ఒకటే: ఈసీజీ, వెంటనే లోడింగ్ డోస్. అంటే రక్తం గడ్డకట్టకుండా ఒకేసారి మింగించే మాత్రలు. పదహారేళ్ళ సర్వీసులో ఆ పని ఎంత అలవాటైందంటే, నా చేతులు చేసుకుపోయేవి, బుర్రతో పనిపడేది కాదు.

ఓ మధ్యాహ్నం రాజోలు వైపు నుంచి ఓ స్కూలు మాస్టార్ని ఆయన చెల్లెలు తీసుకొచ్చింది. నలభై కూడా నిండలేదు. మంచం చాలనంత పొడుగు. నొప్పి ఛాతీలో మొదలై వీపులోకి చీల్చుకుంటూ పోయిందన్నారు. ఈసీజీలో పెద్ద తేడా లేదు. అయినా డాక్టరుగారు మాత్రలు వెయ్యమన్నారు. మాత్రలు అరచేతిలో పట్టుకుని నీళ్ళ గ్లాసు అందించాను. ఎడమచేత్తో ఆయన పట్టుకోలేకపోయారు.

"చెయ్యి తిమ్మిరెక్కిపోయిందండి సిస్టర్ గారూ."

నాడి చూశాను. కుడిచేతికి బాగానే ఉంది, ఎడమచేతికి దొరికీ దొరకనట్టుంది. రెండు చేతుల బీపీకీ నలభై పాయింట్ల తేడా.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అమ్మా?" అని చెల్లెల్ని అడిగాను.

"మా నాన్నగారు ఇలాగే పోయేరండి. పొలంలో నించున్నవారు నించున్నట్టే పడిపోయేరు. మా వంశంలో అందరం పొడుగేనండి, ఆయ్." అంత కంగారులోనూ పొడుగు మాట గర్వంగానే చెప్పింది.

మాత్రలు ట్రేలో పెట్టేసి డాక్టరుగారిని పిలిచి సంగతి చెప్పాను.

"ఇచ్చేశారా?"

"లేదండి."

గుండెకి ఎకో స్కానింగు చేశారు. అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, ఉబ్బి లోపలిపొర చీలింది. మార్ఫాన్ సిండ్రోమ్ అయ్యుంటుందన్నారు. శరీరాన్ని పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు; మనిషి బాగా పొడుగు సాగుతాడు, వంశంలో దిగుతుంది. ఆ మాత్రలు పడుంటే రక్తస్రావం ఆపడం గగనమయ్యేది.

నొప్పికి ఇంజెక్షను చేసి, నాడినీ బీపీనీ తగ్గించే మందు ఎక్కిస్తూ కాకినాడ పంపారు. అంబులెన్సులో నేనూ వెళ్ళాను. దారంతా నాడి అరవై దాటకుండా చూడటమే నా పని. అక్కడ చీలిన భాగం తీసేసి కృత్రిమ నాళం కుట్టారు. మాస్టారు బతికారు. నెల్లాళ్ళపాటు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

తర్వాత ఓ రోజు ఆయన చెల్లెలు ఒక రిపోర్టు తెచ్చి చూపించింది. రక్తసంబంధీకులందరూ ఎకో తీయించుకోవాలని కాకినాడ డాక్టర్లు చెప్పారట. ఆమెకీ అయోర్టా ఉబ్బింది. అదృష్టం, ఇంకా చీలలేదు. మందులు మొదలుపెట్టారు.

"ఆవేళ మా అన్నయ్య పక్కనే నించున్నానండి. మా నాన్నగారి సంగతీ నేనే చెప్పేను. మరి నాకేసి చూళ్ళేదేంటండి?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

సిగ్గేసింది. ఆ రోజు క్యాజువాలిటీకి వచ్చింది ఇద్దరు రోగులు. నేను ఒక్కరికే కేస్ షీటు రాశాను.