గాజులు తీయమన్న నర్సమ్మ

కామేశ్వరమ్మ గారిని పురుళ్ళ వార్డు నుంచి వెళ్ళగొట్టిన అర్జీ రాసింది నేను. అందులో ఒక వాక్యం ఇది: "ఈమె విధవరాలు. తన చేతులు బోసిగా ఉన్నాయని ముత్తైదువుల చేతులు కూడా బోసి చేయాలని చూస్తోంది." అది చదివి ఒక పెద్ద అధికారి ఆమెను బదిలీ చేశాడు. వార్డుకు వచ్చి చూడలేదు. ఆమెను పిలిచి ఏం జరిగిందమ్మా అని అడగలేదు.

కిందటి వారం కంటి ఆపరేషనుకు ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాను. కట్టు మార్చడానికి ఒక నర్సు నా ముఖం మీదికి వంగింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక, మనిషి సరిగా కనిపించలేదు. చేతుల నుంచి ఎర్ర సబ్బు వాసన మాత్రం వచ్చింది. "ఏం తాతగారూ, నొప్పిగా ఉందా? కళ్ళ నీళ్ళు రాకూడదండీ" అంది. నొప్పి కాదమ్మా అన్నాను. ఏమిటో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

అది పంతొమ్మిది వందల యాభైల్లో మాట. నేను కాలవ గట్టున ఒక రైసుమిల్లులో కాటా దగ్గర పని చేసేవాణ్ణి. నా భార్య మంగతాయారు పురుళ్ళ ఆసుపత్రిలో ఆయా. నేను బడి ముఖం చూడలేదు. బియ్యం బస్తాల మీద అచ్చువేసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ లావుగా, దేనికదే విడిగా ఉంటాయి. పేటలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఆ పొగరు నాకు బాగా ఉండేది.

కామేశ్వరమ్మ గారు ఆ వార్డుకు నర్సుగా వచ్చేనాటికి నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, మెడలో గాని చేతులకు గాని ఏమీ ఉండేవి కావు. ఒక మధ్యాహ్నం తాయారుకు క్యారేజీ ఇచ్చి వస్తుంటే వరండాలో ఆపారు. "మీ దస్తూరీ దూరానికి కూడా కనిపిస్తుందటండీ, తాయారు చెప్పింది. గోడకి అంటించడానికి నాలుగు మాటలు రాసిపెడతారా?" అన్నారు. అక్కడే బల్ల మీద కూర్చుని, వార్డులోకి వచ్చేవారు చేతులు శుభ్రంగా కడుక్కొని రావలెను అని గొప్పగా రాసిచ్చాను. చదివి తిరిగి నా చేతికే ఇచ్చారు.

"శుభ్రంగా అంటే ఎంతండీ?"

"శుభ్రంగా అంటే శుభ్రంగానే కదండీ."

"ఎవరి శుభ్రం వాళ్ళకుంటుంది. మీ అమ్మగారి శుభ్రం వేరు, నా శుభ్రం వేరు. ఏం చెయ్యాలో రాయండి. దేంతో, ఎక్కడిదాకా, ఎంతసేపు."

మూడోసారి రాసింది ఒప్పుకున్నారు. గోళ్ళు కత్తిరించండి. కాచిన నీళ్ళు, ఎర్ర సబ్బు. మోచేతి దాకా రుద్దండి. రెండు వందలు లెక్కపెట్టేదాకా రుద్దండి. కొంగుకు తుడవకండి. "కొంగుకి తుడిచామంటే కడిగిందంతా దండగండీ" అని నవ్వి, "ఇంకొక మాట ఉంది గాని, అది గోడ మీద రాయిస్తే గొడవైపోతుంది. నేనే నోటితో చెప్పుకోవాలి" అన్నారు.

ఆ మాట గాజుల గురించి. ఒక ఆయా చేత చేతులు కడిగించి, గాజులు పైకి జరిపి అందరికీ చూపించారట. వాటి కింద మణికట్టు చుట్టూ నల్లటి చార. "పొద్దున్న కళ్ళాపి చల్లిన పేడ, చేపలు తోమిన జిగురు, అంతా ఆ చారలోనే ఉందన్నారండీ. బాలెంతకి మూడో రోజు జ్వరం తెచ్చేది అదేనట. వార్డులో ఉన్నంతసేపూ గాజులు తీసెయ్యమన్నారు" అని తాయారు ఇంట్లో చెప్పింది. ఆ జ్వరం ఏదో గాలి సోకి వస్తుందనే అప్పుడు మేమందరం అనుకునేవాళ్ళం. మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది: "జ్వరానికైతే మందుంది. మొగుడుండగా గాజులు తీస్తే దానికేం మందుందే?" ఆయాలందరూ నర్సమ్మ గారి ముందు తలూపారు. ఒక్కరూ తియ్యలేదు.

తర్వాత కొద్ది రోజులకే కొల్లేరు లంక నుంచి ఒక మనిషిని పడవలో, ఆ పైన బండిలో వేసుకుని తెచ్చారు. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. సాయానికి చేతికందింది తాయారు ఒక్కతే. ముందు రోజే ఎవరి పెళ్ళిలోనో చేతినిండా బిగుతు గాజులు వేయించుకుని ఉంది. సబ్బు రాసినా కదల్లేదు. నర్సమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని బేసిను అంచుకు తాటించి గాజులు చిట్లగొట్టారు.

సాయంత్రం తాయారు ఉత్త చేతులతో ఇంటికి వచ్చింది. "నా కొడుకు నిక్షేపంలా తిరుగుతుంటే ఈ చేతులేంటే!" అని మా అమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఇరుగుపొరుగు చేరారు. అందరి చూపూ నా మీద, రేపో మాపో పోయేవాణ్ణి చూసినట్టు. "ఏవండీ, ఆ మనిషి బతికిందండీ. బిడ్డ కూడా" అని తాయారు రెండుసార్లు అంది. నాకు ఎక్కలేదు. దీపం పెట్టేలోపే అర్జీ రాసేశాను. ఆయాలందరూ వేలిముద్రలు వేశారు. తాయారు వెయ్యలేదు. తల్లీ బిడ్డా బతికిన సంగతి ఆ అర్జీలో లేదు.

నర్సమ్మ గారిని తాడేపల్లిగూడెంలో ఒక చిన్న డిస్పెన్సరీకి పంపేశారు. పంపేముందు అర్జీ ఆమెకు చూపించారట. వెళ్తూ తాయారుతో, "మీ ఆయన దస్తూరీ దూరం నుంచే పోల్చానమ్మా" అన్నారు. ఆ మాట నాకు చేరవేసి, తాయారు పదిహేను రోజులపాటు "అన్నం పెట్టాను" తప్ప మరో మాట నాతో అనలేదు.

మరుసటి ఏడు తాయారు పురుడు కూడా ఆ వార్డులోనే. నేను కిటికీ బయట వరండాలో ఉన్నాను. ఆయాల్లో పెద్దది నూకాలమ్మ లోపలికి వెళ్ళింది. ఆ నొప్పుల్లోనే తాయారు గొంతు వినిపించింది.

"గాజులు తీసి రా పిన్నీ."

"చాల్లేవే. నీ మొగుడు రాసిన కాగితం మీదేగా నేను వేలిముద్ర ఏసింది? ఇప్పుడు నువ్వు తియ్యమంటావా?"

"వేలిముద్ర ఆయన కోసం వేశావు. గాజులు నా కోసం తియ్యి."

"బాగుందమ్మా మీ కాపరం. మొగుడిదో మాట, పెళ్ళానిదో మాట" అంటూనే నూకాలమ్మ సబ్బు అడిగింది.

ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు తాయారుకు జ్వరం రాలేదు. పక్క మంచం మీద ఉంగుటూరు మనిషికి వచ్చింది. ఆమెకు పురుడు పోసింది కూడా నూకాలమ్మే, గాజులతో. తియ్యమని అడగాలని ఆ బాలెంతకు ఎవరూ చెప్పలేదు. ఐదో రోజున ఆమె పోయింది. గోడ మీద నేను రాసిన కాగితం అప్పటికీ అలాగే ఉంది.

నర్సమ్మ గారిని వెనక్కి తెప్పించమని మూడు అర్జీలు పెట్టాను. జరిగిందంతా రాశాను, తప్పు నాదని రాశాను. ఆమెను పంపడానికి ఒక్క అబద్ధపు కాగితం చాలింది. తెప్పించడానికి మూడు నిజం కాగితాలు చాల్లేదు. బస్తాల మీద అక్షరాలు నేర్చుకున్నవాడు తప్పు రాస్తే, కాలేజీల్లో చదివినవాడు దాన్ని ఎలా నమ్మాడు? ఆ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు. ఆ తర్వాత బతుకంతా పదిమందికీ అర్జీలు రాస్తూనే ఉన్నాను. అన్యాయం జరిగింది అని ఎవరైనా చెబితే, ఏ రోజున, ఎవరు, ఏం చేశారు అని అడిగి గాని కలం పట్టను. అవతలి మనిషిని కూడా ఒకసారి చూసి వచ్చి గాని రాయను.

చివరకు సిగ్గు విడిచి ఆమెకే ఉత్తరం రాశాను. ఉంగుటూరు మనిషి సంగతీ దాచలేదు. నెల దాటాక కార్డు వచ్చింది.

"వెంకట్రత్నం గారికి. తాయారు, పాప క్షేమమని తెలిసి సంతోషించాను. నా బదిలీ గురించి ఇంకెవరికీ రాయకండి. ఇక్కడా పురుళ్ళు వస్తున్నాయి. క్షమించమన్నారు. నావరకు ఏమీ లేదు. ఉంగుటూరు ఆమె తరఫున చెప్పడానికి నేనెవర్ని? కాని నా తప్పు కూడా ఒకటుంది. మీ ఉత్తరం చదివాకే తోచింది. గాజులు తీయమన్నాను గాని తీసి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు. బేసిను దగ్గర తడి నేల తప్ప ఏమీ లేదు. ముత్తైదువ తన గాజులు నేల మీద పెడుతుందా? మీకు అర్జీలు రాయడం వచ్చు. బేసిను పక్కన, ఆడవాళ్ళకి అందే ఎత్తులో, గోడకి ఒక మేకు కొట్టించమని రాయండి."