లెక్కలో కలవని ఎద్దులు

ఆ రోజుల్లో తెనాలి వీధుల్లో బండి ఎక్కడ ఆపాలో చెప్పే బోర్డులు లేవు. చెప్పే మనుషులు మాత్రం అరుగు అరుగుకీ ఉండేవారు. నేను ఎవరి మాటా వినే రకాన్ని కాను. కాలేజీ గడప తొక్కకుండానే కొలతలూ లెక్కలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి (అడగనివాళ్లకి కూడా ఈ సంగతి చెప్పేవాణ్ణి).

డెబ్బైల మొదట్లో, పెళ్లిచూపులకని మావయ్య పాత కారును నేనే నడుపుతుంటే ఇద్దరం బాపట్ల నుంచి వచ్చాం. పెళ్లికూతురు వాళ్ల వీధి సన్నం. వాళ్ల గేటు వారగా కారు ఆపి, లోపల కనబడుతున్న గూడుబండి వెడల్పూ, పొడుగూ, వీధి వెడల్పూ బారలతో కొలిచాను. "వీధి చివర పెట్టరా అబ్బాయ్" అన్నాడు మావయ్య. "అక్కర్లేదు మావయ్యా, బండి తిరగ్గా ఇంకా జానెడు మిగులుద్ది" అన్నాను.

సున్నుండ సగంలో ఉండగా, నన్ను చూడ్డానికే ఆగిన పిల్ల నాయనమ్మ ఆ గూడుబండిలో రేపల్లె రైలుకి బయలుదేరింది. ఆ వెంటనే వీధిలో కేకలు. పరుగెత్తి చూస్తే, నేను కొలిచింది బండిని మాత్రమే. బండికి ముందు రెండు ఎద్దులుంటాయన్న సంగతి నా గణితానికి తట్టలేదు. ఎదురుగా గోడ, పక్కన నా కారు. ఓ ఎద్దు తీరిగ్గా బానెట్ నాకుతోంది.

"ఏంటయ్యా, పిల్లని చూడ్డానికొచ్చావా, మమ్మల్ని కట్టెయ్యడానికొచ్చావా? నా రైలు తప్పిందా, నీ సంబంధమూ తప్పినట్టే!" అంది బండిలోంచి ముసలావిడ. పిల్ల తండ్రి తల్లి మాట దాటని మనిషి. నావైపు చూడ్డం మానేశాడు. కారు చూస్తే స్టార్టు కాదు, వెనక్కి తోద్దామంటే మురుగుకాలవ. అరుగుల మీది పెద్దలు "కుడికి కోయండి!", "ఎడమకండీ!" అంటూనే ఉన్నారు (కదలని కారుకి ఏ వైపైతేనేం).

అప్పటిదాకా తల వంచుకు కూర్చున్న పిల్ల గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, నాయనమ్మని దింపి, ఎద్దుల్ని విప్పి, బండిని చేత్తో తిప్పండి. కారు దాటాక మళ్లీ కట్టుకోవచ్చు గదా."

అలాగే చేశాం. బండి తోసినవాళ్లలో పెళ్లికొడుకుని నేనూ ఉన్నాను. ముసలావిడ మళ్లీ ఎక్కుతూ, "అబ్బాయికి లెక్కలొచ్చు, ఎద్దులు రావు. పిల్లకి రెండూ వచ్చు. చేసెయ్యండి, వీడొక్కడే అయితే కష్టం" అంది. రైలు అందింది.

ఇప్పుడా వీధిలో ఎద్దుల్లేవు. అయినా ఎవరి గేటు దగ్గర కారు ఆపినా, పక్క సీట్లోంచి మా ఆవిడ "ఎద్దుల్ని కలిపారా?" అంటుంది. ఇంకాస్త ముందుకు పోనిస్తాను. దిగి వెనక్కి చూస్తే, వదిలిన ఆ ఖాళీలో బారలు కొలుస్తూ, మావయ్య మాట వినని కుర్రాడొకడు కనబడతాడు. పిలిచి చెబుదామనిపిస్తుంది. చెప్పను. వాడు వినకపోబట్టేగా, ఈవిడ గుమ్మంలోకి వచ్చింది.