ఇంకా రావలసిన ఎముక

పోయినవి: కింది దవడలో ఎడమవైపు పళ్లు రెండు. వాటి కింద ఎముక ఎత్తులో మూడు మిల్లీమీటర్లు, వెడల్పులో మూడున్నర. ఎడమవైపు నమలడం పద్నాలుగు నెలలు. అంతకుముందు నా భార్య. ఆమెను ఈ జాబితాలో కలపకూడదు, ఆ కొలత వేరు. కానీ పంటి నొప్పిని పట్టించుకోకపోవడం ఆమె పోయిన ఏడాదే మొదలైంది కాబట్టి రాశాను.

రాయదుర్గంలో కడుతున్న టవర్లకు కొలతలు తీయడం నా పని. చదివి నేర్చుకున్నది కాదు, ఇనుము లెక్కలు రాస్తూ రాస్తూ అలవడింది. ఇంప్లాంట్ పళ్లు బిగించాలంటే ఎముక పది మిల్లీమీటర్ల ఎత్తు, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని డాక్టరు చెప్పినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. లెక్క తెలిసిన పని ఎప్పటికైనా పూర్తవుతుంది. తగ్గిన ఎముక పెరగడానికి చిగురు కోసి ఎముక పొడి నింపి కుట్లు వేశారు. ఫారంలో 'తోడు వచ్చినవారు' అన్నచోట మణికొండలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నంబరు రాశాను.

ఆరు నెలలకు, దవడ మొత్తం ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్మును ఇంట్లో కిటికీ అద్దానికి ఆనించి స్టీలు స్కేలు పెట్టాను. ఎత్తు పద్నాలుగు. కావలసినదానికంటే నాలుగు ఎక్కువే. ఆ మాట చెప్పడానికి కిందికి దిగితే వాచ్‌మన్ ఉన్నాడు.

"ఇగ ఫికర్ లేదు సార్. పళ్లు పెట్టించుకొని రాండ్రి, మక్క కంకులు కాల్చుకుందం," అన్నాడు.

డాక్టరు మాత్రం త్రీడీ స్కాన్ కావాలన్నారు. నేనే కొలిచాను, సరిపోయింది అని వాదించాను.

"ఆ ఎక్స్‌రే ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుందండి. పైగా ఎముక మందం అందులో కనపడదు," అన్నారామె.

స్కాన్‌లో దవడ అడ్డంగా కోసినట్టు పొర పొరగా కనిపించింది. ఎత్తు పదకొండు. వెడల్పు నాలుగున్నర, కావలసింది ఆరు. డ్రాయింగు మీద స్కేలు పెట్టకండి, రాసి ఉన్న కొలతే చదవండి అని సైటులో కొత్తవాళ్లకు ఇరవై ఏళ్లుగా మొదటిరోజే చెబుతున్నాను. ముందువైపు బొమ్మ చూసి గోడ మందం చెప్పినవాణ్ణి అందరి ముందూ తిట్టాను కూడా. సొంత దవడ దగ్గరికి వచ్చేసరికి రెండు తప్పులూ నేనే చేశాను.

ఎంత తగ్గిందని వాచ్‌మన్ అడిగాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పెట్టి చూపించాను. కాసేపు దాన్నే చూశాడు.

"గింతేనా సార్?"

గింతే అన్నాను. అతను డ్యూటీకి వెళ్లాడు. ఆ వేళ్లు అలాగే పట్టుకుని లిఫ్టు ఎక్కాను.

రెండోసారి పొడి నింపి నాలుగు నెలలైంది. ఫారంలో మళ్లీ అదే నంబరు. లోపల కొంత పెరిగే ఉంటుంది, కానీ స్కాన్‌లో కొలవకుండా జమ వేయను. ఈ రోజుకు రావలసింది ఒకటిన్నర మిల్లీమీటరు.