ఒక్కసారి గుంజితే

ఆ రోజుల్లో మా ఆర్మూర్‌లో గల్ఫ్ వాసన తగలని వాడకట్టు లేదు. ఒకడు దుబాయిలో ఉండేవాడు, ఇంకొకడు బొంబాయిలో వీసా కోసం పడిగాపులు కాసేవాడు, మూడోవాడు ఏజెంటు చేతిలో మోసపోయి తిరిగొచ్చి పసుపు మార్కెట్లో సంచులు కుట్టేవాడు. నేను ఈ మూడు రకాల్లోనూ చేరకుండా బొంబాయి వెళ్లి నీళ్లలో మునగడం నేర్చుకున్నాను. "మా పోరడు డైవర్ అయిండు" అని అమ్మ గొప్పగా చెబితే, "లారీ నడుపుతడా, బస్సు నడుపుతడా?" అని అడిగేవారు. కొన్నాళ్లు ఓపిగ్గా వివరించి, తర్వాత విసుగొచ్చి "లారీయే" అనేసేది. (కొడుకు మునిగే పనిలో ఉన్నాడని చెప్పుకోవడం కంటే అదే శుభంగా ఉందని ఆమె అనుకునేది.)

బొంబాయిలో మాకు నేర్పిన ముసలాయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన దిగడం గురించి ఒక్క పూట చెప్పి, పైకి రావడం గురించి నెలల తరబడి చెప్పాడు. ఒకరోజు సోడా సీసా తెచ్చి బాగా ఊపి, మా ముఖాల ముందు మూత తీశాడు. చొక్కాలన్నీ తడిసిపోయాయి. "లోతులో పీల్చిన గాలి సోడాలో గ్యాస్ కరిగినట్టు మీ రక్తంలో, కండల్లో కరుగుతుంది. నెమ్మదిగా వస్తే నెమ్మదిగా పోతుంది. తొందరపడితే ఇదిగో, ఇట్లా పొంగుతుంది. కీళ్లలో పొంగితే నొప్పి, వెన్నులో పొంగితే మంచం" అన్నాడు. అందుకని పైకి వచ్చేటప్పుడు దారిలో ఆగాలి. తాడు పట్టుకుని, ఏ పనీ చేయకుండా, ఊరికే వేలాడాలి. ఆ పాఠంలో క్లాసు మొత్తానికి నేనే మొదటివాణ్ణి. ఏ పనీ చేయకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా నాన్న ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాడు.

గల్ఫ్‌లో ఒక కంపెనీ నన్ను ఎంచుకుంది. డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. ఈలోగా ఇంటికి వస్తే, పోచంపాడ్ డ్యామ్ దగ్గర ఒక గేటు అడుగున ఏదో అడ్డం పడిందని, దిగి చూడాలని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. సొంత జిల్లాలో నా ప్రతాపం చూపించే అవకాశం! ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. పైన తాడు పట్టడానికి రావాల్సిన నా దోస్తుకు కామెర్లు పట్టుకున్నాయి. అప్పుడు మా మేనమామ ముందుకొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పూడిక తీయించని బావి లేదు కనుక అందరూ ఆయన్ని బాయి మామ అనేవారు.

"ఒక్కసారి గుంజితే ఆగుమని, మామా. రెండుసార్లు గుంజితే తాడు వదులు. మూడుసార్లు గుంజితే పైకి లాగు" అని చెప్పాను.

"మోకు పట్టుడు నాకే నేర్పుతవారా అల్లుడా? నువ్వు పుట్టకముందు సంది పడుతున్న. ఫికర్ జెయ్యకు, దిగు" అన్నాడు.

దిగాను. అడుగున చిమ్మచీకటి, ఎముకలు కొరికే చలి. ఒక మొద్దు గేటు సందులో ఇరుక్కుని ఉంది. దాన్ని కోసి తప్పించేసరికి అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. ఎంతసేపు లోపలుంటే పైకి రావడానికి అంత ఓపిక పట్టాలన్నది ఉస్తాద్ లెక్క. నీటి పైభాగానికి రెండు నిలువుల కింద ఆగి, తాడును ఒక్కసారి గుంజాను. పైన పచ్చగా వెలుతురు కనబడుతోంది. నాకు బాగా వచ్చిన విద్యను ప్రదర్శించడం మొదలుపెట్టాను.

అంతే, తాడు బిగిసింది. నన్ను బావిలో చేదలా పైకి గుంజేస్తున్నారు. "వద్దు మామా" అని అరిస్తే బుడగలు తప్ప ఏమీ రాలేదు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాను. తాడు ఎగిరిపడటం చూసి, నేను చస్తున్నాననుకుని డ్యామ్ సిబ్బంది కూడా వచ్చి తాడుకు చేయి వేశారు. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయన్న పాఠం మాత్రం గుర్తుండి వదులుతూ వచ్చాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. నన్ను గట్టుమీద పడేసి అందరూ చప్పట్లు కొట్టారు. మామ నన్ను కావలించుకుని ఏడ్చేశాడు. "బతికినవ్‌రా బిడ్డా! బతికినవ్!" అంటూ నా తడి తల తన కండువాతో తుడిచాడు. ఆ ముఖం చూసి తిట్లు తర్వాతకు వాయిదా వేశాను.

కాసేపటికి మోకాలు సలపడం మొదలైంది. తర్వాత భుజం. తర్వాత ఎడమకాలు నాది కానట్టు మొద్దుబారిపోయింది. గల్ఫ్ కంపెనీ డాక్టరు ముందు ఇదే కాలితో నిలబడాలని గుర్తొచ్చి, నొప్పి కంటే భయం ఎక్కువైంది. జీపులో పడుకోబెట్టి ఆర్మూర్ తీసుకొస్తుంటే దారి పొడుగునా పసుపు ఉడకబెడుతున్న ఆవిర్లు. దవాఖానలో డాక్టరు లేడు. నిజామాబాద్ పోయాడట. కంపౌండరే దిక్కు.

"ఒంట్ల గ్యాస్ బుడగలు జేరినయ్ సార్. జల్ది ఆక్సిజన్ పెట్టుండ్రి" అన్నాను.

"ఒంట్ల గ్యాస్ ఉందంటవ్, మల్ల గ్యాసే పెట్టుమంటవ్. ఉన్నదే పోతలేదాయె!"

"కడుపుల గాదు సార్, మోకాల్ల."

"మోకాల్ల గ్యాసా!" అని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా సర్వీసుల గ్యాస్ గంత కిందికి పోంగ జూడలే."

ఉస్తాద్ పాఠం గుర్తొచ్చి, సోడా సీసా ముచ్చట మొదలుపెట్టాను. సగంలో చూస్తే మామ మాయం. చెప్పడం పూర్తయ్యేసరికి ఒక చేత్తో గోలీసోడా, ఇంకో చేత్తో ఉప్పేసిన నిమ్మచెక్కతో రొప్పుతూ వచ్చాడు. "సోడా కావాలెనని ముందే చెప్పద్దారా? తాగు, దెబ్బకు తేన్పులొస్తయ్!" ఈలోగా మా అత్త వచ్చి మోకాలికి పసుపు పట్టు వేసింది. (ఆర్మూర్‌లో పసుపు పూయించుకోకుండా ఏ రోగమూ తప్పించుకోలేదు.) నవ్వొచ్చింది. నవ్వితే భుజం పోటెత్తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకు వచ్చాయో నాకే తెలియలేదు.

డాక్టరు వచ్చాక సంగతి గ్రహించి ఆక్సిజన్ పెట్టాడు. గాలి ఒత్తిడి పెంచి, మనిషిని మళ్లీ లోతులోకి దింపినట్టే దింపి, మెల్లగా తేల్చే ఇనుపగది బొంబాయిలో ఉందని, వెంటనే పొమ్మన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి రైల్లో ఉన్నాం. మామ ఆక్సిజన్ సిలిండర్‌ను చంటిపిల్లలా పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, ఒక్కసారి గుంజితే ఆగుమనే గద చెప్పినవ్?"

"చెప్పిన మామా."

"విన్న. గని నా చెయ్యి వినలే." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వు పుట్టకముందు మా తమ్ముడు ఆలూర్ల ఒక బాయిల దిగిండు. పూడిక తీసుడు. బాయిల ఒక్కసారి గుంజితే పైకి తియ్యుమని. వాడు గుంజిండు. గంప ఇంకా నింపుతుండేమో, జర ఆగి తీద్దామనుకున్న. మల్ల గుంజలే. లోపట గాలి పాడైందంట."

సిలిండర్‌ను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "గప్పటిసంది ఎవ్వడు ఒక్కసారి గుంజినా నేను ఆగలే."

బావి భాష ఒకటి, డ్యామ్ భాష ఒకటి. తిడదామని నిజామాబాద్ నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. ఆయన చేతిమీద చేయి వేశాను.

బొంబాయిలో నన్ను ఇనుపగదిలో పెట్టారు. గుండ్రటి అద్దంలోంచి ఒకసారి ఉస్తాద్, ఒకసారి మామ తొంగిచూసేవారు. కాలు చాలావరకు తిరిగొచ్చింది, ఎడమ పాదం మాత్రం కాస్త ఈడుస్తుంది. గల్ఫ్ కంపెనీ డాక్టరు నన్ను గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి చూసి, నా కాగితం పక్కన పెట్టేశాడు. ఇంటికొచ్చి బావి మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టి, మునిగే పని వాటికి అప్పగించాను. మామ మళ్లీ మోకు ముట్టలేదు. రోజూ దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు "మావోడు పెద్ద డైవర్" అని చెప్పేవాడు. వాళ్లు లారీయా, బస్సా అని అడిగేవారు. చూపు మందగించాక నా చొక్కా అంచు పట్టుకుని రోడ్డు దాటేవాడు. లారీ చప్పుడు వినబడితే ఒక్కసారి గుంజేవాడు. నేను ఆగేవాణ్ణి.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు మేడ మెట్లు సగం ఎక్కేసరికి ఆగాల్సి వస్తోంది. "ఏంది కాకా, మోకాళ్లా?" అని కింది ఇంటివాళ్లు అడిగితే "గ్యాస్" అంటాను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక లేదు, చెబితే సోడా తెస్తారు. నిన్న మనవరాలు నన్ను మీదికి తీసుకుపోవడానికి చెయ్యి పట్టుకుని ఒక్కసారి గుంజింది. పాత అలవాటు, టక్కున ఆగిపోయాను.

"గుంజితే మీదికి రావాలె గద తాతా! ఆగుతరా ఎవరన్న?" అని గద్దించింది.

నవ్వుకున్నాను. మా మామ ఉంటే తప్పకుండా దాని పక్షమే మాట్లాడేవాడు.