పాత చర్చి తలుపులు తెరిపించిన పాస్టరమ్మగారు

స్కూల్లో హాజరు తీసుకుంటుండగా చేపలమ్మే మంగమ్మ ఫోన్ చేసింది. "పాస్టరమ్మగారు ఎల్లిపోయారండి," అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. హాజరు పట్టీ మూసి బయల్దేరాను.

పాస్టరమ్మగారంటే మా ఊళ్లో ఆవిడొక్కరే. వాళ్లాయన పాస్టరుగారు పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు మీది కొత్త చర్చికి తర్వాత వేరే పాస్టర్లు వచ్చారు, వెళ్లారు. అయినా ఆ పిలుపు మాత్రం ఈవిడకే ఉండిపోయింది. నేను ఆ చర్చి మనిషిని కాను. రామచంద్రపురం నుంచి బదిలీ మీద ఇక్కడి హైస్కూలుకు వచ్చిన డ్రాయింగ్ టీచర్ని. ఆవిడ ఇంట్లోనే పక్క వాటాలో అద్దెకు దిగాను.

మబ్బున్నా ఎండున్నా గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు. మాటల మధ్యలో లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చేవారు. కడుక్కున్నాక ఆ చేతుల్ని తిప్పి చూసుకుని, మళ్లీ మాట అందుకునేవారు. వీధిలో బడికెళ్లే ఆడపిల్లల్ని ఆపి, "వదులైపోయిందే, ఇటు రా" అని జడ విప్పి మళ్లీ అల్లేవారు. ఆవిడ వేసిన జడ సాయంత్రానికి కూడా చెక్కుచెదిరేది కాదు.

కాలువ గట్టు మీద పాత చర్చి ఒకటుంది. దొరల కాలం నాటిది. ఎత్తైన కమాను కిటికీలు, టేకు దూలాలు, సున్నం కప్పు. ఎప్పటినుంచో తాళం వేసి ఉండేది. గబ్బిలాలు, రావి మొక్కలు తప్ప అందులోకి వెళ్లేవాళ్లు లేరు. ఊళ్లో పిల్లలు పాడుకోవడానికి, ఆడుకోవడానికి, బొమ్మలు వేసుకోవడానికి ఒక నీడ లేదు. నేనూ, డాన్సు నేర్పే మా స్నేహితురాలూ కలిసి, దాన్ని బాగుచేసి పిల్లలకి క్లాసులు పెట్టుకుంటామని చర్చి సంఘ పెద్దల్ని అడిగాం. "కూలిపోయేకంటే నయమే కదండీ. ఆయ్, బాగుచేసుకోండి. కానీ తాళంచెవి పాస్టరమ్మగారి దగ్గరుంది," అన్నారు.

ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, "చేసుకోండి. నేను మాత్రం లోపలికి రాను," అన్నారు.

ఎందుకు రానన్నారో ఆ సాయంత్రం వరండాలో కూర్చుని చెప్పారు. వెనకటి పెద్ద తుఫాను నాటికి పాస్టరుగారు ఆ పాత చర్చిలోనే ప్రసంగాలు చెప్పేవారట. ఆ తుఫానుకు సముద్రం పొంగి బెస్తపేట మీద పడింది. నీళ్లు తీశాక ఊళ్లో కప్పు మిగిలింది చర్చికొక్కదానికే. ప్రాణం లేకుండా దొరికినవాళ్లందరినీ తెచ్చి అందులోనే వరసగా పడుకోబెట్టారు. పాస్టరుగారు గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశారు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఒళ్లు కడిగింది ఈవిడ. ఆ తర్వాత అక్కడ నిలబడి ప్రసంగం చెప్పడం పాస్టరుగారి వల్ల కాలేదు. ఆ తలుపులు మూసేసి, రోడ్డు మీద కొత్త చర్చి కట్టుకున్నారు.

పని మొదలుపెట్టాం. రాళ్లు తోమడానికి నేల మీద నీళ్లు పోస్తే బురద వాసన లేచింది. ఎన్నిసార్లు కడిగినా నీళ్లు పడగానే అదే వాసన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వచ్చే వాసన. గోడకి నడుమెత్తున చుట్టూతా ఒక గీత దాకా ఉప్పు పొంగుతూ ఉండేది. మేస్త్రీ సత్యంగారు గీకి సున్నం పూసేవారు. నాలుగు రోజులకి ఉప్పు తెల్లగా, మెత్తగా మళ్లీ పొంగేది. చివరికి ఆయన విసిగిపోతే పాస్టరమ్మగార్ని అడిగాను. "నీళ్లు అక్కడిదాకా వచ్చాయమ్మా. దాని జోలికి పోకండి. గోడకి గుర్తుంది," అన్నారు. ఆ మేర సున్నం పుయ్యకుండా వదిలేశాం.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ, లోపల ఒక్కతే ఊడుస్తున్న కూలీ మనిషి చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది. లోపల చంటిబిడ్డ ఏడుస్తోందంది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. పాస్టరమ్మగారితో చెబితే నవ్వేస్తారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "నాకూ వినిపిస్తుంది. ఇక్కడ కూర్చున్నా వినిపిస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వండమ్మా. ఇన్నాళ్లూ వినేవాళ్లెవరున్నారు వాళ్లకి?" అన్నారు.

పని పూర్తయి, పిల్లల్ని చేర్చుకుంటామని చెప్పిన రోజు బెస్తపేట వాళ్లు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ముందు మంగమ్మ ఉంది. వీధి వీధీ తిరిగి చేపలమ్మే మనిషి. "మా పిల్లని పడుకోబెట్టిన చోట గజ్జెలు కట్టి గంతులేయిస్తారా అండీ? మీ పిల్లయితే ఏయిస్తారా?" అని అడిగింది. సంఘ పెద్దలేమో, "ఎందుకొచ్చిన గొడవ, ఆపేద్దామండీ," అన్నారు.

ఎవరు కబురు పెట్టారో, పాస్టరమ్మగారు గొడుగు వేసుకుని గట్టు మీద నడిచొస్తూ కనిపించారు. గొడుగు ముడిచి గోడకి చేరేశారు. మంగమ్మ చెయ్యి పట్టుకుని, "రా, చూపిస్తాను," అన్నారు. రానన్న మనిషి గడప దాటారు. నేను వాళ్ల వెనకాలే వెళ్లాను.

తుఫాను నాడు మంగమ్మ కొబ్బరిచెట్టు పట్టుకుని బతికిందట. కాలు విరిగితే కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. కూతుర్ని కడసారి చూసుకోలేదు.

పాస్టరమ్మగారు ఒక కిటికీ కింద ఆగారు. "ఇక్కడ."

మంగమ్మ నేలకేసి చూసింది. "మొహం ఎలాగుందండి?"

"నిద్రపోతున్నట్టు ఉందని అబద్ధం చెప్పను. నీ కూతురేనని మాత్రం చూడగానే తెలిసింది. మొహమంతా బురద. మంచినీళ్లు ఎక్కడా లేవు. పడిపోయిన చెట్ల బోండాలు కొట్టించి ఆ నీళ్లతో కడిగాను."

"జుట్టు?"

"చిక్కు తీసి రెండు జడలేశాను. కట్టడానికేం లేకపోతే నా చీర అంచు చింపాను."

"ఏ రంగండి?"

"నీలం."

మంగమ్మ కూలబడిపోయింది. అరచేత్తో నేల నిమురుతూ ఉంది. "రిబ్బన్లు కావాలని గొడవ చేసేదండి. కొందామనే అనుకున్నాను," అంది. కాసేపటికి తలెత్తి, "ఇన్నేళ్లూ నా దగ్గర చేపలు కొన్నారు. ఒక్క మాట చెప్పలేదేంటండి?" అంది.

"నువ్వు అడిగితే చెబుదామని ఉన్నాను మంగమ్మా. గుమ్మంలోకి నువ్వొచ్చిన ప్రతిసారీ, ఇవాళ అడుగుతుందేమో అనుకునేదాన్ని."

తర్వాత పాస్టరమ్మగారు ఖాళీ హాలు వైపు తిరిగారు. ఆదివారం బల్లల మీద జనం కిక్కిరిసినప్పుడు సర్దే గొంతుతో, "కాస్త జరగండమ్మా. పిల్లలొస్తారు," అన్నారు. మంగమ్మ ఆ మాటకి కూర్చున్నచోటే కాస్త పక్కకి జరిగింది.

ఆ వారం మంగమ్మ కొడుకు కూతుర్ని తనే తీసుకొచ్చి చేర్పించింది. మిగతావాళ్లు ఆ వెనకే పంపారు. అప్పటినుంచి క్లాసున్న ప్రతిరోజూ పాస్టరమ్మగారు వచ్చి ఆ కిటికీ కింద చాప మీద కూర్చునేవారు. కుర్చీ వేస్తే ఒప్పుకునేవారు కాదు. గజ్జెలు కట్టుకునేముందు ఆడపిల్లలు ఆవిడ దగ్గర జడలకి బారులు తీరేవారు. ఆ జడలు అల్లడం చూస్తూ నేను వేసిన బొమ్మలు ఎన్నో ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఆ చేతులు సరిగ్గా రాలేదు.

ఒకసారి అడిగాను, "ఇప్పుడు ఏడుపు వినిపించడం లేదు కదండీ?" అని. "ఆగిపోయిందనుకున్నారా? లేదమ్మా. గజ్జెల మధ్యలో చెవి పెట్టి వినాలి, అంతే," అన్నారు. ఊరట కోసం అడిగినవాళ్లకి ఆవిడ ఎప్పుడూ నిజమే చెప్పారు. ఆ నిజాన్ని పక్కన కూర్చుని చెప్పేవారు. ఆవిడ దగ్గర నాకు దొరికింది అది.

మంచాన పడ్డాక ఆవిడ కోరింది ఒక్కటే. "పోయాక నన్ను పాత చర్చిలో పెట్టొద్దు. అక్కడ పిల్లలున్నారు." ఏ పిల్లలని నేను అడగలేదు. కొత్త చర్చిలోనే ఉంచి, అక్కడినుంచే సమాధుల దొడ్డికి తీసుకెళ్లాం. బెస్తపేట ఆడవాళ్లందరూ నడిచారు.

మొన్న మళ్లీ క్లాసు పెట్టాం. ఎండ మండిపోతోంది. నేను రంగుల డబ్బాలు తెచ్చుకుని ఆలస్యంగా వెళ్లాను. గుమ్మంలో మంగమ్మ కదలకుండా నిలబడి ఉంది. లోపల చడీచప్పుడూ లేదు. ఆమె భుజం మీదుగా చూశాను. ఆడి ఆడి అలిసిపోయిన పిల్లల్ని డాన్సు టీచరు కాసేపు పడుకోమన్నట్టుంది. చల్లటి నేల మీద వరసగా వెల్లకిలా పడుకున్నారు, కళ్లు మూసుకుని. రంగుల డబ్బాలు గుమ్మంలోనే కింద పెట్టేశాను. మంగమ్మ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఒక్కొక్కరి దగ్గరా వంగి, మొహంలోకి చూస్తూ వరస చివరిదాకా వెళ్లింది. ఎండ కాలువ మీద పడి, నీళ్ల వెలుగు కిటికీలోంచి లోపలికొచ్చి, పైన తెల్లటి కప్పు మీద అలలు అలలుగా వణుకుతోంది. దాని కింద పిల్లల పొట్టలు లేస్తున్నాయి, దిగుతున్నాయి.